పనిలేక నిలిచినవారు

న్యాయమైన యొక నిర్ణయము నిర్దోషుల జీవనోపాధిని తీసివేసిన యెడల, ఆ నష్టమును ఎవరు భరింపవలెను? అండమాను నికోబారు దీవులలో జరిగిన యొక సంగతి ఈ ప్రశ్నను మన యెదుట నుంచుచున్నది.

తెలుగువారనేకులు స్థిరపడిన పోర్టు బ్లెయిరు పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడెను. 1977లో ఈ పట్టణము కేంద్రముగా ప్రభుత్వ అటవీ, తోటల అభివృద్ధి సంస్థ యేర్పడెను. అడవులలో కలప కొట్టుట, లిటిల్ అండమానులో ఆయిల్ పామ్ తోటలను, కచ్చల్ దీవిలో రబ్బరు తోటలను సాగుచేయుట దాని పనులు. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు వలన అడవి నరుకుడు మిక్కిలి తగ్గెను. అది మేలైన ఉత్తర్వు. లిటిల్ అండమాను అడవి ఓంగే జనుల నివాసము. నరికిన అడవిని మనము మరల సృజింపలేము. అయితే కలపయే ఆధారమైన సంస్థకు రాబడి సన్నగిల్లెను. ప్రభుత్వపు అప్పుతో జీతములు చెల్లింపవలసి వచ్చెను. 2017 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము సంస్థ మూసివేతకు సమ్మతించెను. అప్పటికి ఉద్యోగులు 836 మంది. వారికి స్వచ్ఛంద విరమణ పథకము చూపబడెను. దానిని కోరుకొననివారిని 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము చొప్పున తొలగింతుమనిరి.

ప్రభుత్వ ప్రకటనలో వీరు పనిలేని శ్రామికులుగా పేర్కొనబడిరి. ఈ మాట వినగానే ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానము జ్ఞాపకమునకు వచ్చును. సాయంకాలమున వీధిలో ఊరక నిలిచిన వారిని యజమానుడు చూచెను. సోమరులని నిందింపక కారణమడిగెను. తమ్మునెవరును కూలికి పిలువలేదని వారు చెప్పగా నమ్మి, పని యిచ్చి, పూర్ణ దేనారము చెల్లించెను.

పని లేకుండ ప్రజల ధనమును ఎల్లకాలము జీతముగా ఇయ్యవచ్చునా యని కొందరడుగుదురు. ఇయ్యరాదు, అది శ్రామికుని గౌరవమునకును మేలు కాదు. అయినను అడవి నిలిచిన మేలు మనకందరికిని కలిగెను; దాని వెలను కొద్దిమంది చెల్లించిరి. కనుక వారికిచ్చు పరిహారము ధర్మము కాదు, అప్పు. రూపాయలతోనే ఆ అప్పు తీరదు. దీవిలో పని పోయినవానికి పొరుగూరు సముద్రమునకు ఆవల నుండును. మరియొక పని నేర్పుటయు, చూపుటయు ఆ అప్పులో భాగమే.

ప్రియ చదువరీ, ఉద్యోగము పోయిన సహోదరుడు నీ సంఘములోనే, నీ వీధిలోనే యుండవచ్చును. ఏల ఊరకున్నావని అతని నడుగుట సులభము. అతని జవాబు విని, నమ్మి, ఆ మీదట ఏమి చేసితిమన్నదే మన పరీక్ష.