ఊరికే కూర్చోలేక

ఏలూరులో స్వెట్టరు అల్లే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మా వారికైతే మరీనూ. "రోహిణీకార్తెలో స్వెట్టరేమిటే, కొల్లేరు కొంగలకా?" అంటారు. ఆ మాటకొస్తే ఊలు మా ఊరికి కొత్తేం కాదు. ఏలూరు తివాచీలు ఊలుతో నేసేవే కదా! కాకపోతే అది నేతవాళ్ళ బతుకు, నాది కాలక్షేపం.

ఇందులో సుఖమేమిటంటే చెప్పడం కష్టం. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి వరండాలో కూర్చుని సూదులు తీశానంటే, చేతులు వాటి దారిన అవి పోతూంటాయి, మనసు దాని దారిన అది. ఊలుండ ఒళ్ళోంచి జారి గుమ్మం దాకా దొర్లుతుంది. తప్పు పోతే విప్పేసుకోవచ్చు, ఊలు ఊలుగానే మిగులుతుంది. పులుసులో ఉప్పెక్కువైతే అలా విప్పగలమా?

అసలు రహస్యం ఇంకోటుంది. మా వారు గంటసేపు పేపరు పట్టుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అడగరు. నేను అయిదు నిమిషాలు చేతులు ముడుచుకు కూర్చుంటే చాలు, "ఖాళీయేనా? కాస్త కాఫీ పెడతావూ?" అని వినిపిస్తుంది. చేతిలో సూదులుంటే మాత్రం, పాపం పన్లో వుంది అనుకుంటారు.

ఆ మధ్య సంక్రాంతికి నరసాపురం దగ్గర పల్లెలో వున్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. తాడేపల్లిగూడెం దాకా రైలు, అక్కణ్ణించి భీమవరం మీదుగా బస్సు. దారంతా నా సూదులు ఆడుతూనే వున్నాయి. ఆ వైపు లేసు సంగతి మీకు తెలిసే వుంటుంది. 1844లో స్కాట్లండు నించి వచ్చిన మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకి నేర్పారంటారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పక్కింటావిడ అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో తెల్లటి లేసు అల్లుతోంది. నేనూ వెళ్ళి పక్కన చేరాను. నా స్వెట్టరు అటూ యిటూ తిప్పి చూసి, "ఇదెంతకిస్తారండీ?" అంది.

"అమ్మడానిక్కాదండీ. తోచక అల్లుకుంటున్నా."

ఆవిడ నవ్వింది. "మా ఇంట్లో నన్నూ అలాగే అంటారండీ, ఊరికే కూర్చోలేక అల్లుకుంటాదని. వంటయ్యాక మొదలెడితే దీపాలెట్టే దాకా ఇదేనండీ. పెద్దపిల్ల ఫీజులన్నీ దీంతోనే కట్టాను."

చెబుతున్నంతసేపూ సూది ఆగలేదు.

మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు నరసాపురం లేసు స్త్రీల మీద 1982లో పుస్తకం వేశారు. ఇంటిచాకిరీ కాక రోజుకి 6 నించి 8 గంటలు లేసుకే పోయినా, అందరి లెక్కలోనూ వాళ్ళు తీరిక వేళ చేతులాడించే ఇల్లాళ్ళే, కూలి అంత తక్కువ కావడానికి అదే కారణం అని ఆవిడ వాదన. పరాయిదేశపు మనిషికి మన ఇళ్ళ సంగతి ఏం తెలుసులే అనుకున్నాను అప్పట్లో. పైగా నిరుడు ఓ లేసుగుడ్డ దగ్గర, "ఇంట్లో కూర్చుని అల్లిందానికి ఇంత రేటా?" అని బేరమాడిన మహాతల్లిని నేనే.

తిరుగు ప్రయాణం ఆకివీడు, కైకలూరు మీదుగా. కొల్లేటి పక్కన ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. అదీ దారమే, అవీ ముడులే. ఆయన ఊరికే కూర్చోలేక అల్లుకుంటున్నాడని బస్సులో ఒక్కరూ అనుకోరు. నా విశ్రాంతికేమో పని వేషం వెయ్యాలి, ఆవిడ పనికేమో తీరిక వేషం వేశారు. ఇదెక్కడి న్యాయం?

అలాగని నేను సూదులు పారేస్తే ఆవిడకి ఒక్క రూపాయి పెరగదు. ఈ అల్లిక సుఖం అబద్ధమూ కాదు. ఓసారి తెలిసినావిడ డబ్బిస్తానని డజను పిల్లటోపీలు అడిగింది. నాలుగో టోపీకే గడియారం చూడ్డం మొదలెట్టాను. "మీకిది ఇష్టమేనా?" అని లేసావిడని అడిగితే, "కొత్త డిజైను మొదటిపూట బావుంటాదండీ. తరవాతంతా లెక్కే" అంది. ఆవిడ అల్లిన చిన్న గుడ్డ ఒకటి అడిగి, చెప్పిన ధరకే తీసుకున్నాను. నోటిదాకా వచ్చిన బేరం మింగడానికి కొంచెం కష్టమే అయింది.

ఇంటికొచ్చిన మర్నాడు సూదులు లోపలే పెట్టి, వరండాలో ఉత్తి చేతుల్తో కూర్చున్నాను.

"ఖాళీయేనా?" అన్నారు మా వారు.

"ఖాళీ కాదండీ, కూర్చున్నాను."

కాసేపు నావంక చూసి లోపలికి వెళ్ళారు. గిన్నెల చప్పుడయింది. పంచదార డబ్బా ఎక్కడుందని అడిగారు. కూర్చునే చెప్పాను.