తాళం వేసిన గేటు లోపలి వెలుగు



దీపం వెలిగించి ఎవరూ కుంచం క్రింద పెట్టరనీ, దీపస్తంభం మీద పెడితేనే ఇంట్లో ఉన్నవారందరికీ వెలుగు వస్తుందనీ మన ప్రభువు చెప్పిన సంగతి మత్తయి సువార్త 5వ అధ్యాయంలో మనం వింటాం. ఈ వాక్యం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. మన సత్క్రియలే ఆ దీపమని చెప్పి ముగించేవాణ్ణి. కాని దీపం గురించిన ఈ మాటను అచ్చంగా దీపం గురించే వినవలసిన రోజు ఒకటి నాకు వచ్చింది.

2017 తపస్సుకాలంలో నా విచారణలో ఇండ్లు దర్శిస్తున్నాను. కూలిపని చేసుకుని బ్రతికే ఒక విధవరాలు తన కొడుకుతో ఒక వరండా గదిలో అద్దెకు ఉంటోంది. పిల్లవాడు పదవ తరగతి. నేను వెళ్ళేసరికి రాత్రి ఎనిమిది దాటింది. గది చీకటిగా ఉంది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. పోలేదు. ఇల్లుగలవారి మీటరు ఒక్కటే. నూరు వాట్ల బల్బుకు బిల్లు పెరుగుతోందని, ఎనిమిది దాటితే ఆర్పేయాలని వాళ్ళు షరతు పెట్టారు.

ప్రార్థన చేసి లేవబోతుంటే ఆమె అన్నది: "స్వామీ, ఒక మాట అడిగితే కోపపడరు గదా? గుడి చుట్టూ తెల్లవార్లూ లైట్లు వెలుగుతుంటాయి. మా వాడు ఆ వెలుగులో చదువుకుందామని వెళ్ళాడు. గేటుకి తాళం వేసి ఉందని తిరిగొచ్చాడు."

నాకు జవాబు తోచలేదు. ఆ తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఆ రాత్రి బంగళాకు వచ్చి లెక్క వేసుకున్నాను. గుడి చుట్టూ, మరియమాత గుహ దగ్గర కలిపి నూరు వాట్ల బల్బులు 12. రాత్రికి పది గంటలు. అంటే ఒక రాత్రికి 12 యూనిట్లు, నెలకు 360 యూనిట్లు. చందాపెట్టెలో బీదలు వేసిన చిల్లర ఇలా కాలిపోతోంది. పైగా ఆ వెలుగు ఒక్క పిల్లవాడి పుస్తకం మీద కూడా పడలేదు. ప్రభువు చెప్పిన కుంచం ఏమిటో నాకప్పుడు అర్థమైంది. మా కుంచానికి ఇనుప గేటు ఉంది, అంతే తేడా.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు ఒక సంగతి నేర్పారు. ప్రతి వస్తువూ ఒక పరమార్థం కోసం ఉంటుంది. దాన్ని ఎంత బాగా నెరవేరిస్తే అది అంత మంచి వస్తువు. ఈ కొలతతో పాత పిల్లమెంటు బల్బును చూడండి. అందులో ఒక సన్నని టంగ్‌స్టన్ తీగ ఎర్రగా కాగి వెలుగునిస్తుంది. అది తీసుకునే కరెంటులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వేడిగానే పోతుంది. వెలుగు కోసం పుట్టిన వస్తువు వేడినే ఇస్తున్నది. ఎల్.ఇ.డి. బల్బులో కాగే తీగ లేదు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును అది దాదాపు 9 వాట్లతో ఇస్తుంది.

మీ ఇంటి లెక్క చూద్దాం. 60 వాట్ల బల్బులు నాలుగు, రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 36 యూనిట్లు. వాటి స్థానంలో 9 వాట్లవి పెడితే ఐదున్నర యూనిట్ల లోపే. ముప్పై యూనిట్లు మిగిలాయి. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి మన దేశంలో సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే ఒక్క ఇంట్లో నెలకు ఇరవై కిలోల బొగ్గు మిగిలినట్లే. ఆ బొగ్గును సింగరేణి గనుల్లో మనవంటి కుటుంబీకులే చెమటోడ్చి తవ్వుతున్నారు. దాని పొగను థర్మల్ స్టేషన్ల చుట్టుపక్కల ఊళ్ళవారు పీలుస్తున్నారు. మనం స్విచ్చి వేసినప్పుడు వాళ్ళు మన కంటికి కనబడరు. దేవుని కంటికి కనబడతారు.

"బల్బు ఖరీదు ఎక్కువ గదా స్వామీ" అని కొందరంటారు. ఒకప్పుడు నిజమే. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకం ప్రారంభించి 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు తక్కువ ధరకు పంచింది. దాంతో అంగడిలో ధర కూడా బాగా దిగింది. అయినా చేతిలో నాలుగు డబ్బులు లేని ఇంటికి అదీ భారమే. చవక బల్బు కొని నెలనెలా ఎక్కువ చెల్లించేది బీదవాడే. అందుచేత ఇది పొదుపు విషయం మాత్రమే కాదు, న్యాయం విషయం కూడా.

మరికొందరు "మాకు బిల్లే రాదు గదా" అంటారు. తెలంగాణలో 2024లో గృహజ్యోతి పథకం మొదలై, నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు బిల్లు లేకుండా చేసింది. మంచిదే. కాని బిల్లు లేనంత మాత్రాన బొగ్గు కాలడం ఆగదు. ఐదు రొట్టెలతో ఐదువేల మందిని ఉచితంగా తృప్తిపరచిన ప్రభువే, మిగిలిన ముక్కలు వ్యర్థం కాకుండా ప్రోగుచేయమని శిష్యులకు ఆజ్ఞాపించాడు. ఉచితంగా వచ్చినదాన్నే మరింత గౌరవంగా చూడాలని దాని భావం.

ఇంకో శోధన కూడా ఉంది. కొత్త బల్బు తక్కువ తింటుంది గదా అని రాత్రంతా వదిలేస్తాం, ఒకటి ఉండవలసిన చోట నాలుగు పెడతాం. అప్పుడు మారింది బల్బే గాని మనం కాదు. వివేకం, న్యాయం, ధైర్యం, మితత్వం అనే నాలుగు మూల సుగుణాల్లో మితత్వం అంగడిలో దొరకదు. దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో, అక్కరలేని దీపాలు ఆర్పడం వంటి చిన్న పనులను కూడా పేర్కొన్నారు. అంత చిన్న పని విశ్వలేఖకు ఎక్కిందంటే, అది దేవుని ముందు చిన్నది కాదు.

మా విచారణలో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. ఆ ఆదివారం పీఠం ముందు నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. సలహా సంఘం పెద్దలు ఆ 12 బల్బులు తీయించి, 9 వాట్లవి ఆరు పెట్టించారు. రాత్రి పదింటికి ఆర్పుతాం. గేటు కూడా పది వరకు తెరిచే ఉంటుంది. వరండాలో రెండు బెంచీలు వేశాం. మిగిలిన డబ్బుతో కొనలేని ఇండ్లకు రెండేసి బల్బులు ఇచ్చాం. ఆ అద్దె గదికి కూడా ఇచ్చాం. ఇల్లుగలాయన మనవాడే, ప్రతి ఆదివారం పూజకు వచ్చేవాడే. కొత్త బల్బు చూసి, "ఇక ఎంతసేపైనా వెలిగించుకో అమ్మా" అన్నాడు.

పిల్లవాడు మాత్రం ఆ మార్చి పరీక్షల్లో లెక్కలు తప్పాడు. మేం మేల్కొనేసరికి ఆలస్యమైంది. సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఆ ఆలస్యం నా లెక్కలోనే ఉంది.

కనుక ఈ వారం మీ ఇంట్లో సాయంకాల జపమాల ముగిశాక కుటుంబమంతా కలిసి గది గదికీ వెళ్ళి చూడండి. పాత బల్బులుంటే, అన్నీ ఒకేసారి కానక్కరలేదు, ఎక్కువసేపు వెలిగేదాన్ని ముందు మార్చండి. పాత సి.ఎఫ్.ఎల్. బల్బుల్లో కొద్దిగా పాదరసం ఉంటుంది. వాటిని పగలగొట్టి చెత్తలో వేయకండి. ఎవరూ లేని గదిలో దీపం ఆర్పే పని ఇంట్లో చిన్న పిల్లలకు అప్పగించండి. వాళ్ళు పెద్దలకంటే నమ్మకంగా చేస్తారు. బిల్లులో మిగిలిన దానితో చీకట్లో ఉన్న ఒక్క ఇంటికి ఒక్క బల్బు కొనివ్వండి. అప్పుడే మన దీపం దీపస్తంభం ఎక్కుతుంది.

మొదటి దినమున వెలుగును కలిగించిన దేవుడు మన ఇండ్లను వెలిగించి, మన గేట్లను తెరిపించునుగాక. ఆమెన్.