మార్జాల కిశోర న్యాయంలో పిల్లికూన పాత్ర

శ్రీవైష్ణవ సంప్రదాయంలో శరణాగతిని, అంటే జీవుడు తనను తాను భగవంతునికి పూర్తిగా అప్పగించుకోవడాన్ని, వివరించడానికి రెండు దృష్టాంతాలు శతాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొని ఉంటుంది కనుక మోక్షానికి జీవుని వైపు నుంచి కొంత ప్రయత్నం ఉండాలనే వడగలై వాదానికి మర్కట కిశోర న్యాయమని, పిల్లికూనను తల్లే నోట కరచుకొని తీసుకుపోతుంది కనుక భారమంతా భగవంతునిదేననే తెంగలై వాదానికి మార్జాల కిశోర న్యాయమని పేరు. మొదటి పక్షానికి వేదాంత దేశికులు (1268–1369), రెండవ పక్షానికి శ్రీవచన భూషణం రచించిన పిళ్ళై లోకాచార్యులు, దానికి వ్యాఖ్య రాసిన మణవాళ మాముని (1370–1443) ప్రమాణపురుషులు. అహోబిల మఠం మొదటి పరంపరకు, తిరుమల జీయర్ మఠం రెండవ పరంపరకు చెందినవి కనుక ఈ చర్చ తెలుగువారికి పరాయిది కాదు. అయితే తల్లి నోట వేలాడే కూన నిజంగా ఏమీ చేయదా అన్నది అడగదగిన ప్రశ్న.

ముంబై జాతీయ రహదారి పక్కన, పాశమైలారం పారిశ్రామికవాడకు చేరువలో ఉన్న ఇస్నాపూర్ వంటి చోట, కార్మికుల అద్దె గదుల వెనకో, పాత అట్టపెట్టెలు పేర్చిన షెడ్డు మూలనో పిల్లి పిల్లలు పెడుతుంది. అలికిడి ఎక్కువైనా, మనుషులు మాటిమాటికీ తొంగిచూసినా అది ఒక్కొక్క కూననే కరచుకొని చోటు మారుస్తుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందనే సామెత ఈ అలవాటును చూసి పుట్టిందే. మెడ వెనక వదులుగా ఉండే చర్మం మీద తల్లి పళ్ళు ఆనగానే కూన అరుపు మాని, వెనక కాళ్ళు ముడుచుకొని, తోకను పొట్ట కిందికి చుట్టుకొని, నేలకు తగలకుండా చిన్న ముద్దలా మారుతుంది. పిల్లుల మెడచర్మాన్ని మెల్లగా నొక్కినప్పుడు కలిగే ఇటువంటి నిశ్చలత భయం వల్లనో నొప్పి వల్లనో వచ్చేది కాదని 2008లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. 2013లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుకపిల్లలపై జరిపిన పరీక్షలు ఇంకొంత ముందుకు వెళ్ళాయి: తల్లి నోట కరచుకోగానే పిల్ల గుండె వేగం తగ్గుతుందని, ఈ స్పందనను అడ్డుకుంటే పిల్లను తరలించడం తల్లికి కష్టమవుతుందని అవి చూపాయి.

కాబట్టి కూన ఊరుకోవడం రాయి పడి ఉండటం వంటిది కాదు. అది ఒళ్ళంతా కలిసి చేసే పని. పిళ్ళై లోకాచార్యుల సంప్రదాయం శరణాగతిలో జీవుని వంతుగా చెప్పే అప్రతిషేధం, అంటే వస్తున్న రక్షణకు అడ్డుపడకపోవడం, ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అడ్డుపడకపోవడం రక్షణకు వెల కాదు, ఎందుకంటే తల్లి దాన్ని చూసి కూనను ఎంచుకోదు; అయినా అది లేకపోతే మోయడం సాగదు. ఈ న్యాయాన్ని చూపి సోమరితనాన్ని సమర్థించేవారు న్యాయాన్నీ, పిల్లినీ రెండింటినీ తప్పుగా చదివినవారే.

దృష్టాంతానికి ఒక హద్దు కూడా ఉంది. నాలుగు వారాలు దాటాక తల్లి పాలు మాన్పించడం మొదలుపెట్టి, ముందు చచ్చిన ఎలుకను, తరువాత కొన ఊపిరితో ఉన్న దాన్ని తెచ్చి కూనల ముందు పెడుతుంది. వేట నేర్చుకోవడం ఇక వాటి ప్రయత్నం మీదే ఆధారపడుతుంది. ఆచార్యులు పిల్లి జీవితంలోని తొలి వారాలను మాత్రమే తీసుకున్నారు, జీవుడు భగవంతుని ఎదుట ఎన్నడూ పసివాడే కనుక అది వారికి సరిపోయింది.

ఒంటరిగా కనిపించిన కూనను తల్లి వదిలేసిందనుకొని వెంటనే ఎత్తుకుపోవడం మాత్రం తగదు. తల్లి మిగిలిన కూనలను చేర్చి తిరిగి రావడానికి గంటలు పట్టవచ్చు కనుక, కూనకు ప్రమాదమేదీ లేనప్పుడు దూరం నుంచి కనిపెట్టి చూడాలి. ఎదిగిన పిల్లిని మెడచర్మం పట్టి ఎత్తడమూ మానాలి, బరువంతా ఆ చర్మం మీదే పడి దానికి నొప్పి కలుగుతుంది.