క్షమించే హక్కు ఎవరిది?

“దేవుడు చూసుకుంటాడులే” అనే మాట మా రాయలసీమ పల్లెల్లో ఎంత బాధనైనా మోస్తుంది. వాన మొహం చాటేసినా, వేరుశనగ ఊడ దిగకపోయినా, రెక్కల కష్టం ఎవరో మింగేసినా అదే మాట. ఆ మాట వెనక ఉన్న నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కదిరి నరసింహస్వామికి మొక్కుకునే ఇంట్లో, అదే నమ్మకంలో నేనూ పెరిగాను. కానీ ఊరందరి సొమ్ము పోతున్నప్పుడు ఆ మాట అని ఊరుకోవడం భక్తి అవుతుందా? సామాజిక తనిఖీలో పనిచేసినంత కాలం ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మా అమ్మానాన్నలు కరువు పనికి పోయి నన్ను డిగ్రీ చదివించారు. ఉపాధి హామీ పనిని మావైపు కరువు పని అనే అంటారు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఆ పథకం మొదలైందే మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. జరిగిన పనులన్నిటి మీదా గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. అందుకోసం కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల్ని ఎంచి, శిక్షణ ఇచ్చి, తమది కాని ఊళ్లకు పంపేవారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని.

మస్టర్లనే హాజరు పట్టీలు, కొలతల పుస్తకం, చెల్లింపుల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లం. ఏ వారం పనికి పోయారు, ఎన్ని రోజులు చేశారు, చేతికి ఎంత వచ్చింది అని అడిగి రాసుకునేవాళ్లం. తర్వాత టేపు తీసుకుని చెరువులోకి దిగి పొడవు, వెడల్పు, లోతు కొలిచేవాళ్లం. తేలినదంతా మొదట గ్రామసభలో, ఆపైన మండలంలో జరిగే ప్రజావేదికలో అందరి ఎదుటా చదివేవాళ్లం. ఈ దారి వేసింది రాజస్థాన్ కూలీలు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో బహిరంగ విచారణలు మొదలుపెట్టి మస్టర్లలోని పేర్లను ఊరి మధ్యలో గట్టిగా చదివించింది. ‘మా డబ్బు, మా లెక్క’ అన్న వాళ్ల పట్టుదలే 2005 నాటి సమాచార హక్కు చట్టానికి బలమైన పునాదుల్లో ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2009లో సామాజిక తనిఖీకి ఒక ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది.

ఒక ఊళ్లో ఒక అవ్వ పేరు చెరువు పూడికతీత మస్టర్లో కనిపించింది. ఆ రోజుల్లో ఆమె ఊళ్లోనే లేదు, కూతురి కాన్పుకు పోయింది. ఆ డబ్బు ఆమె చేతికి రాలేదు. సంగతి చెబితే ఆమె కోప్పడలేదు. “పోనీలే పాపా, వానికీ ఇద్దరు ఆడబిడ్డలుండారు. నా పేరు చెప్పి వాని పొట్ట కొట్టొద్దు. స్వామి చూసుకుంటాడు” అంది. ఆ మస్టర్ రాసిన ఫీల్డ్ అసిస్టెంటు ఆమెకు వరసకు మనవడు. ఆ పెద్ద మనసు ముందు నా చేతిలోని కాగితాలు చాలా చిన్నవిగా అనిపించాయి. ఒక పేద మనిషి ఇంకొక పేదవాణ్ణి క్షమిస్తుంటే మధ్యలో లెక్కలు విప్పడానికి నేనెవరిని?

మర్నాడు చెరువులోకి దిగాం. పుస్తకంలో ఒక మీటరు లోతు తీసినట్టుంది. టేపు పెడితే అందులో సగం కూడా లేదు. నాకు జవాబు అక్కడే దొరికింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. తీయని పూడిక నిలవని నీళ్లే. ఆ నీళ్లు రానున్న ఎండాకాలంలో బోర్లకు ఊట ఇవ్వాలి, గొడ్ల దాహం తీర్చాలి. ఆ అవ్వ తనకు జరిగిన అన్యాయాన్ని క్షమించవచ్చు. అది ఆమె గొప్పతనం, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. చెరువులో పోయిన నీళ్లు మాత్రం ఆమె ఒక్కదానివి కావు. కూతురి ఒళ్లో అప్పుడే పుట్టిన ఆ బిడ్డవి, ఇంకా పుట్టని వాళ్లవి. నష్టపోయినవాళ్లే క్షమించగలరు. ఇంకా నోరు రాని వాళ్ల తరఫున క్షమించే అధికారం ఊళ్లో ఎంత పెద్దవాళ్లకైనా ఉండదు.

మన శాస్త్రం కూడా ఇటే నడిపిస్తుంది. మనిషి ఋషులకూ దేవతలకూ పితరులకూ ఋణపడి పుడతాడని వేద వాఙ్మయం చెబుతుంది. వీటిలో పితృఋణం సంతానం వల్ల తీరుతుందట. అంటే తాతల బాకీని మనం చెల్లించేది మనవలకు. విజయనగర కాలం నాటి బుక్కపట్నం చెరువు లాంటివి కట్టినవాళ్లు మనకు ఇచ్చిపోయినదాన్ని తరగకుండా ముందు తరానికి అప్పగించాలి. సుస్థిర అభివృద్ధి అని సభల్లో చెప్పేది ఇదే. దొంగ కొలత ఆ బాకీని ఎగ్గొడుతుంది.

మరి దేవుడు చూసుకుంటాడన్న మాట సంగతి? మనం ఇష్టంగా చెప్పుకునే భద్రాచల రామదాసు కథనే తీసుకోండి. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న ప్రజల నుంచి వసూలైన శిస్తుతో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. కథలో రాముడు చెర గోడలు బద్దలు కొట్టలేదు. నా గుడికి వాడిన సొమ్ముకు లెక్కేమిటని గోల్కొండ ఏలిక తానీషాను గద్దించలేదు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి బాకీ పడ్డ ఆరు లక్షలూ చెల్లించి, రశీదు తీసుకున్నాడు. దేవుడి పనికి ఖర్చు పెట్టినా ఖజానా సొమ్ముకు లెక్క ఉంటుందని ఆ దేవుడే ఒప్పుకున్న కథ అది. అలాంటి దేవుణ్ణి కొలిచేవాళ్లం లెక్క అడగడాన్ని అపచారం అనుకోకూడదు. పాపపుణ్యాల తీర్పు ఆయనకు వదిలేద్దాం. ఏ మస్టర్లో ఏం రాశారో పైకి చదవడం మన పని.

చదివే తీరులోనూ ధర్మం ఉంది. ప్రజావేదిక మీద మనిషిని నిలబెట్టి దూషించడం తనిఖీ కాదు. ఆరోపణ వచ్చినవాడి మాట వినాలి, అతను చెప్పింది రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, చిన్నవాడి దగ్గర ఆగిపోకూడదు. ఫీల్డ్ అసిస్టెంటు ఒక్కడే రాస్తే డబ్బు విడుదల కాదు. కొలత సరిగా ఉందని సంతకం పెట్టినవాళ్లున్నారు, సరిచూశామన్నవాళ్లున్నారు. కింది ఉద్యోగం ఒక్కటి ఊడబీకి పై సంతకాలను వదిలేస్తే, ఆ అవ్వ జాలే మనకన్నా న్యాయమైనది అవుతుంది. దారి మళ్లినట్టు తనిఖీలో తేలిన సొమ్ములో తిరిగి వసూలయ్యేది కొంతే. అది మారాలంటే తనిఖీ చేసేవాళ్లు పని చేయించే అధికారుల అదుపులో ఉండకూడదు, ఊరు తన తీర్మానాన్ని ఏడాది పొడవునా వెంటాడాలి.

లెక్క అడిగేవాళ్లూ తమ లెక్క చెప్పాలి. 1894లో నాటల్ ఇండియన్ కాంగ్రెస్ స్థాపించిన గాంధీ ప్రతి చందాకూ రశీదు ఇవ్వాలని పట్టుబట్టారు, ప్రతి పైసాకూ లెక్క రాయించారు. ప్రభుత్వాన్ని నిలదీసే యువజన సంఘమైనా, మహిళా సమాఖ్య అయినా, గుడి కమిటీ అయినా ముందు తన జమాఖర్చులు రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి. అప్పుడే ఆ సంఘం ప్రశ్నకు బరువు వస్తుంది.

పథకాల పేర్లు మారుతుంటాయి, ప్రభుత్వాలు మారుతుంటాయి. చెరువు అక్కడే ఉంటుంది. మీ ఊళ్లో గ్రామసభ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. ఒక్క పని ఎంచుకుని దాని కొలతలు అడగండి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం సమాచార హక్కు కింద గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలే. ఒంటరిగా భయమైతే నలుగురు కలిసి వెళ్లండి, పిల్లల్ని కూడా తీసుకువెళ్లండి. మన వాటా నష్టాన్ని క్షమించడం మన ఇష్టం. వాళ్ల వాటాకు లెక్క అడగడం మన ధర్మం.