అరువు పాత్రకు అధికారం ఎంత?

మీమాంసా శాస్త్రంలో అధికారమంటే పెత్తనం కాదు, కర్మఫలంపై స్వామ్యం. హోమం చేసేది ఋత్విక్కులే అయినా ఫలం యజమానిదే. హైదరాబాద్‌లోని నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో అర్ధరాత్రి ల్యాప్‌టాప్ తెరపై, అనుమతి లేదని చెప్పే 403 సంఖ్య కనిపించినప్పుడు తలెత్తేదీ పని ఎవరిది, అధికారం ఎవరిది అన్న ఇలాంటి ప్రశ్నే, ఎందుకంటే కోడ్‌ను సర్వర్లకు చేరవేసే పైప్‌లైన్, అంటే మనిషి చేయి పడకుండా వరుసగా నడిచే పనుల గొలుసు, తన పేరున కాక అరువు తెచ్చుకున్న ‘రోల్’ (కొన్ని అనుమతులు కట్టిన పాత్ర) పేరున పనిచేస్తుంది. 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను తెరిచిన అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లో ఈ అనుమతులను చూసే ఐఏఎం వ్యవస్థ మౌనాన్ని నిషేధంగానే చదువుతుంది. స్పష్టమైన నిషేధం ఒక్కటి ఉన్నా ఎన్ని అనుమతులున్నా చెల్లవు. మీమాంసకులు ఇంత కఠినులు కారు: అతిరాత్ర యాగంలో షోడశి అనే సోమపాత్రను గ్రహించమనీ, వద్దనీ చెప్పే వేదవాక్యాలు రెండూ సమబలమైనవి కనుక వికల్పాన్ని, అంటే రెండిటిలో ఏదైనా చేయవచ్చన్న వెసులుబాటును, ఒప్పుకున్నారు. యంత్రానికి వికల్పం తెలియదు. మరీ చిక్కైనది ‘పాస్‌రోల్’: సర్వర్‌ను సృష్టించే అనుమతి ఉన్న పైప్‌లైన్ కూడా ఆ సర్వర్‌కొక రోల్‌ను అప్పగించబోయి ఆగిపోవచ్చు, ఎందుకంటే చేయగలగడం వేరు, చేసే హక్కును మరొకరికి ఇవ్వగలగడం వేరు. దోషసందేశాన్ని నిదానంగా చదివితే ఏ రోల్, ఏ చర్య, ఏ వనరుపై అన్న కర్తృక్రియాకర్మలు సాధారణంగా అందులోనే దొరుకుతాయి. ముందు చూడవలసింది కర్తనే, ఎందుకంటే పైప్‌లైన్ అనుకున్న రోల్‌తో కాక మరొక రోల్‌తో వచ్చి ఉండవచ్చు.