చందా కట్టలేని సోదరుడు

మన ఊళ్ళలో లాడ్జి అంటే బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చే చోటు. నేను చెప్పబోయేది ఆ లాడ్జి గురించి కాదు. ఫ్రీమేసన్లు, ఆడ్‌ఫెలోస్ లాంటి సోదర సంఘాల శాఖనీ లాడ్జి అనే అంటారు. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి అలాంటిదే. గుమ్మం దాటాక జడ్జీ, గుమాస్తా ఒకటే అన్నది అక్కడి సూత్రం. కానీ ఆ గుమ్మం దాటడానికి ఏటా చందా కట్టాలి. మరి కట్టలేనివాడి సంగతేమిటి?

చందాని తేలిగ్గా తీసిపారేయలేం. 1868లో అమెరికాలోని మీడ్‌విల్‌లో జాన్ అప్‌చర్చ్ అనే మెకానిక్ యునైటెడ్ వర్క్‌మెన్ అనే సంఘం పెట్టాడు. సభ్యుడొకరు పోతే మిగతావాళ్ళు తలా ఒక డాలరు వేసి ఆ కుటుంబానికిచ్చే పద్ధతి అందులో వచ్చింది. ఆ డబ్బు అందుకున్న భార్య ఎవరి ముందూ తలవంచక్కర్లేదు. బతికున్నన్నాళ్ళూ ఆమె భర్త కూడా వేరేవాళ్ళ ఇళ్ళ కోసం డాలరు వేశాడు కదా! ఆమెకి అది దానం కాదు, హక్కు. అలా చేసింది చందాయే.

మాఫీ దగ్గర చిక్కంతా ఇక్కడే. లాడ్జీలు మాఫీ చేసేది ముఖ్యంగా ముగ్గురికి: దశాబ్దాలుగా ఉన్న పెద్దలకి, యుద్ధానికి వెళ్ళినవాళ్ళకి, కష్టంలో పడ్డవాళ్ళకి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చాలా సంఘాలు సైన్యంలో చేరిన సభ్యుల చందా తామే భరించాయి. మొదటి ఇద్దరికీ మాఫీ ఒక సత్కారం. మూడోవాడు మాత్రం నోరు తెరిచి అడగాలి. అడగడానికి మొహం చెల్లక రావడమే మానేస్తాడు. బకాయి పేరుకుంటుంది, సస్పెండ్ చేస్తారు. అమెరికన్ మేసన్ లాడ్జీల్లో అలా సస్పెండైనవాడికి సమావేశాల్లో చోటుండదు, పోయాక లాడ్జి లాంఛనాలు కోరే హక్కూ ఉండదు. సోదరులు కావాల్సిన రోజునే సోదరులు లేకుండా పోతారన్నమాట.

అలాగని మాఫీ ఉత్తినే రాదు. చాలా చోట్ల మాఫీ అయిన సభ్యుడి వాటా కూడా లాడ్జీయే పైనున్న గ్రాండ్ లాడ్జికి కట్టాలి. అమెరికాలో 1959లో 40 లక్షలు దాటిన మేసన్లు ఇప్పుడు 10 లక్షలకి లోపే. కట్టేవాళ్ళు తగ్గేకొద్దీ ఉన్నవాళ్ళ మీద బరువు పెరుగుతుంది. కాబట్టి కోశాధికారి భయంలో న్యాయముంది. కానీ డబ్బే ఇబ్బందైతే ముందు చూడాల్సింది సత్కారపు మాఫీలని. స్తోమత ఉన్న పెద్దాయనకి పతకమిచ్చి, ముందువరసలో కుర్చీ వేసి గౌరవించొచ్చు. ఉద్యోగం పోయినవాడికి పతకంతో పనిలేదు, పేరు పుస్తకంలో ఉంటే చాలు.

మరి కట్టనివాడు సమానుడెలా అవుతాడు? ఇచ్చిపుచ్చుకోవడం ఏడాదికేడాది తేలాల్సిన లెక్క కాదని నేననుకుంటాను. నిన్న కట్టాడు, రేపు కడతాడు. కట్టలేకపోయినా రోగంతో ఉన్న సోదరుడి పక్కన ఓ రాత్రి కూర్చోగలడు. అయితే మాఫీ ఎవరి దయా కాకూడదు, నియమంలోనే రాసుండాలి. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఏ వివరం ఎవరికి కనిపించాలో ముందే తేల్చుకుంటాం. ఇక్కడా అంతే. ‘బకాయి లేదు’ అన్నది అందరికీ కనిపించొచ్చు, ఎందుకు లేదన్నది కార్యదర్శి దాటి పోనక్కర్లేదు. సభలో చేతులెత్తించి మాఫీ చేస్తే మనిషి పేరు నిలుస్తుంది గానీ, మర్నాటి నుంచి అతను ఆ గదిలో మునుపటిలా కూర్చోలేడు.