నేనే తెచ్చుకున్ననా?

మా పెద్దమ్మది స్టేషన్ ఘన్‌పూర్. పేరులోనే స్టేషన్ ఉన్న ఊరు కదా, ఆమె రోగం కూడా రైలు టైమింగుల్లోనే నడిచింది. చీకటితో లేచి ప్యాసింజరెక్కితే సికింద్రాబాద్, అక్కణ్ణుంచి ఆటోలో ఆస్పత్రి, రాత్రికి మళ్ళీ ఊరు. రొమ్ము క్యాన్సర్. మూడో కీమో అయ్యాక నేను వెళ్ళి రెండ్రోజులున్నాను. ఊరికే కూర్చోలేక ఫోన్‌లో ఏదో చదువుతూ, వాళ్ళ కోడలికి పనికొస్తుందని పైకే అన్నాను: "ముట్లాగిపోయాక ఒళ్లు ఎక్కువున్న ఆడవాళ్లకి ఇది వచ్చే అవకాశం ఎక్కువట."

పెద్దమ్మ మంచం మీంచి ఇటు తిరిగింది. "అంటే, నేనే తెచ్చుకున్ననా బిడ్డా?"

"అయ్యో, కాదు పెద్దమ్మా" అన్నాను. చాలా తొందరగా అన్నాను. అంత తొందరగా వచ్చిన జవాబు నిజమో కాదో తేల్చుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఇంకా పూర్తిగా తేలలేదు.

నేను చదివింది తప్పేం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అధిక బరువుకీ 13 రకాల క్యాన్సర్లకీ సంబంధం ఉందని తేల్చింది. అందులో మెనోపాజ్ తర్వాత వచ్చే రొమ్ము క్యాన్సర్ ఉంది, గర్భాశయం ఉంది, పెద్దపేగు ఉంది. అండాశయాలు పని మానేశాక కూడా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటుంది, ఇన్సులిన్ పెరుగుతుంది, కణాలకి ఎదగమనే సంకేతాలు ఆగవు. క్యాన్సర్లలో నూటికి 30 నుంచి 50 దాకా నివారించగలిగేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. పొగాకు, మద్యం, బరువు, కదలకుండా కూర్చోవడం, కొన్ని ఇన్ఫెక్షన్లు. ఇందులో వాదించడానికేం లేదు.

కానీ ఈ లెక్కలన్నీ గుంపు గురించినవి. లక్షమంది బరువు తగ్గితే కొన్ని వందలమందికి జబ్బు రాకపోవచ్చు. ఆ కొన్ని వందలమంది ఎవరో ఎవరూ చూపించలేరు. అలాగే జబ్బు వచ్చిన ఒక మనిషిని పట్టుకుని "నీకు దీనివల్లే వచ్చింది" అని కూడా చెప్పలేరు. "మా తాత తొంభై ఏళ్లదాకా చుట్టలు కాల్చాడు, ఏమైంది?" అనేవాడిని చూసి నవ్వుతాం కదా. మంచంలో ఉన్న మనిషితో "నీ ఒళ్లే కారణం" అనేవాడూ అదే పొరపాటు అవతలి వైపు నుంచి చేస్తున్నాడు. ఇద్దరూ గుంపు లెక్కని ఒక్క మనిషి మీద రుద్దుతున్నారు. ఆ రెండోవాణ్ణి చూసి ఎందుకో మనం నవ్వం.

పాతకాలంలో అయితే "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అనేవాళ్ళు. ఇప్పుడు పాపం పోయి లైఫ్‌స్టైల్ వచ్చింది. నాకైతే పాతదే కాస్త నయమేమో అనిపిస్తుంది, కనీసం ఆ జన్మ మనకి గుర్తుండదు. లైఫ్‌స్టైల్ మాత్రం తిన్న ప్రతి ముద్దనీ లెక్కపెట్టి గుర్తుచేస్తుంది.

లావు విషయంలో మన భాషే సగం తీర్పు చెప్పేసింది. బలుపు అంటే లావు, బలుపు అంటే పొగరు కూడా. "బలిసింది" అన్న మాట ఒంటి గురించి అన్నా బుద్ధి గురించి అన్నట్టే తగులుతుంది. మళ్ళీ ఇదే భాషలో "ఒళ్లు చేసినవ్, మంచిగున్నవ్" అన్నది మెచ్చుకోలు, "చిక్కిపోయినవ్ బిడ్డా" అన్నది దిగులు. ఆకలి తెలిసిన ఊళ్ళల్లో ఒంటి మీద కండ ఉండటమంటే ఇంట్లో గింజలున్నాయని. మా పెద్దమ్మ చిన్నప్పుడు గట్క తాగి పత్తి ఏరడానికి పోయిందట. తెల్లన్నం పండక్కే. తర్వాత 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ఘన్‌పూర్ రిజర్వాయర్ దాకా వచ్చాయి, మా వాళ్ళ జొన్నచేను వరిమడి అయింది. ఇప్పుడు రేషన్‌లో సన్నబియ్యం. వీటిలో ఏదీ తప్పు కాదు. ఆకలి తీరడాన్ని తప్పుపట్టే హక్కు, ఉప్పల్‌లో కూర్చుని అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్ చేసుకునే నాకు అసలే లేదు. (నా బరువు 84 కిలోలు. ఇది ముందే చెప్పాల్సింది.)

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 30 మంది అధిక బరువు, దాదాపు 19 మంది ఉండాల్సినదానికన్నా తక్కువ బరువు. ఒకే ఊళ్ళో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో. ఇంతమంది ఒకేసారి బద్ధకస్తులయ్యారంటే నమ్మడం కష్టం.

అలాగని "ఎవరి తప్పూ కాదు" అనేసి చేతులు దులుపుకోవడం కూడా నాకు అబద్ధంలాగే తోస్తుంది. పెద్దమ్మ గడ్డని ఎనిమిది నెలలు దాచింది. బిడ్డ పెండ్లి ఉందని. డాక్టర్‌కి చూపిస్తే ఏమంటాడోనని భయం, మగ డాక్టర్ ముందు రవిక విప్పాలంటే సిగ్గు, ఖర్చు. ఇవన్నీ ఆమె నెత్తిన ఎవరో పెట్టినవే. కానీ పెండ్లి అయ్యేదాకా ఆగుదామన్నది ఆమె తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని కూడా "పాపం, ఆమెకేం తెలుసు" అని లాగేసుకుంటే ఆమెని ఇంకొంచెం చిన్నది చేసినట్టే. ఆమెకి తెలుసు. తెలిసే బిడ్డ పెండ్లిని ముందుపెట్టింది.

కాబట్టి ప్రశ్న తప్పు ఎవరిదన్నది కాకుండా, ఈ మాట ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది అనుకుంటాను. దీనికి తెలుగు నేల మీదే రెండు అనుభవాలున్నాయి.

మొదటిది మాకు పక్కనే, అప్పటి ఖమ్మం జిల్లాలో. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే హెచ్‌పీవీ టీకాని ప్రయోగాత్మకంగా సుమారు 14,000 మంది ఆడపిల్లలకు వేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ 2010లో కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ కమిటీ సమ్మతి తీసుకున్న తీరుని గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకానే. అడగాల్సినవాళ్లని అడగలేదు.

రెండోది ఇంకా పాతది, శ్రీకాకుళంలో. అక్కడి ఆడవాళ్లు అడ్డపొగ తాగేవారు, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. అంగిలి కాలి మచ్చలు, కొందరికి క్యాన్సర్. అక్కడా, కేరళలో ఎర్నాకుళంలో, గుజరాత్‌లో భావనగర్‌లో కలిపి 36,000 మంది పొగాకు వాడేవాళ్ల మీద చేసిన అధ్యయనం 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వాళ్ళు చేసింది పెద్ద సాంకేతిక అద్భుతమేం కాదు. ఏటేటా ఇంటికి వెళ్ళారు. నోరు తెరిపించి చూశారు. కనిపించింది చెప్పారు, మానమని అడిగారు. మళ్ళీ ఏడాది మళ్ళీ వెళ్ళారు. కొందరు మానేశారు, కొందరు తగ్గించారు. క్యాన్సర్‌కి ముందు వచ్చే మచ్చలు తగ్గాయి.

నేను ఆ రోజు మంచం పక్కన చేసింది ఈ రెండింట్లో దేనికి దగ్గరో చెప్పనక్కర్లేదు. అదే వాక్యం పదేళ్ల ముందు, ఆమెతో కలిసి చెరువుకట్ట దాకా నడుస్తూ చెప్పి ఉంటే అది జాగ్రత్త. మూడో కీమో తర్వాత, ఫోన్‌లోంచి చదివితే అది తీర్పు. మాట మారలేదు, పూట మారింది. ఆ పదేళ్లలో నేనెన్నిసార్లు ఊరెళ్ళానో లెక్కపెట్టుకుంటే వేళ్లు మిగులుతాయి.

పోయిన నెల ఫోన్ చేస్తే పెద్దమ్మ హడావుడిగా ఉంది. ఎదురింటి ఆమెకి చంక కింద ఏదో తగులుతోందట, రెండు నెలలుగా ఎవరికీ చెప్పలేదట, ఈమెకి మాత్రం చెప్పింది.

"మరి ఏమన్నవ్ పెద్దమ్మా?"

"ఏమంట? రేపు పొద్దుగాల తయారుండు, నేనొస్త అన్న."

ఇద్దరికీ టికెట్లు కొడుకుతో తెప్పించిందట. దారిలో తినడానికి సర్వపిండి చేసింది. నూనె తక్కువే పోసిందని నాకు ప్రత్యేకంగా చెప్పింది.